మాట పడేది ఎవరు

2016 దసరా దాకా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ ఉమ్మడి వరంగల్ జిల్లాలోవే. ఆ అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి. మూడు చోట్లా కొత్త కలెక్టరేట్లు, కొత్త బోర్డులు, కొత్త సంతకాలు వచ్చాయి. సర్కారు నౌకరీ నియమాలు మాత్రం మూడింటికీ ఒక్కటే. పని ఒక్కటి కాదు. జనగామలో కరువు నేల, పత్తి, పంచాయతీలు. మహబూబాబాద్‌లో రైలు, మిర్చి, డోర్నకల్ చర్చి. భూపాలపల్లిలో నేల కింద బొగ్గు, నేల మీద కరెంటు.

హైదరాబాద్‌లో పెద్ద హోటళ్ళ హాళ్ళలో నాయకత్వం మీద శిక్షణ తరగతులు జరుగుతుంటాయి. నేనూ వెళ్ళి కూర్చున్నాను. తెరమీద బొమ్మలు వేస్తారు, మధ్యాహ్నం మంచి భోజనం పెడతారు. అక్కడ చెప్పేదంతా పై అధికారి స్వభావం గురించే: గట్టిగా ఉండాలా, మెత్తగా ఉండాలా, అడిగి చేయాలా, చెప్పి చేయించాలా. కింద పనిచేసేవాళ్ళను ఇదే మాట అడిగితే ఏమంటారో వినాలనిపించింది. అందుకే ఈ మూడు ఊళ్ళ దారి పట్టాను.

సికింద్రాబాద్ నుంచి కాజీపేట పోయే బండిలో ఆలేరు దాటాక పెంబర్తి వస్తుంది. ఇత్తడి రేకు మీద సుత్తితో బొమ్మలు తీసే విశ్వకర్మల ఊరు. దిగి చూడాలని మనసు లాగింది కానీ నాకు కావలసింది నెలజీతం మీద బతికేవాళ్ళు. తరువాతి స్టేషను జనగామ.

జనగామ పక్కన లింగాలఘన్‌పూర్ మండలంలో నెల్లుట్ల ఉంది. 2023 జాతీయ పంచాయతీ పురస్కారాల్లో నీటి విషయంలో దేశంలోనే మొదటి స్థానం ఆ ఊరికి వచ్చింది. ఏప్రిల్ 17న ఢిల్లీలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము పురస్కారాలు ఇచ్చారు. కరువుకు పేరుపడ్డ జనగామ నేలకు నీళ్ళ మీద బహుమతి రావడం చిన్న సంగతేమీ కాదు. ఆ తరువాత పదకొండు రోజులకే, ఏప్రిల్ 28న, రాష్ట్రమంతటా జూనియర్ పంచాయతీ కార్యదర్శులు సమ్మెకు దిగారు. ఒకే శాఖ, ఒకే నెల. పైన చప్పట్లు, కింద టెంట్లు.

ఈ కార్యదర్శుల కథ తెలిసినవాళ్ళకు తెలుసు. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక ప్రతి ఊరికీ ఒక కార్యదర్శి ఉండాలని 9,355 పోస్టులకు పరీక్ష పెట్టారు. 2019 ఏప్రిల్‌లో చేరారు. డిగ్రీలు, పీజీలు చదివిన పిల్లలు. జీతం 15,000. మూడేళ్ళు ప్రొబేషన్ అన్నారు, అది నాలుగేళ్ళయింది. మధ్యలో జీతం 28,719కి పెరిగింది, నౌకరీ మాత్రం పక్కా కాలేదు. పనికి కొదవ లేదు. పొద్దున్నే ఊడ్చేవాళ్ళ దగ్గర నిలబడి ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. నర్సరీ, పల్లె ప్రకృతి వనం, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, ట్రాక్టరు, ఇంటిపన్ను, ఉపాధి హామీ, ఇవన్నీ కాక పైనుంచి ఏ సర్వే వస్తే అది. నాటిన మొక్కల్లో నూటికి 85 బతకాలని చట్టంలోనే రాశారు. బతకకపోతే సర్పంచు మీద, కార్యదర్శి మీద చర్య. వాన పడకపోతే ఎవరి మీద చర్యో చట్టం చెప్పదు.

నెల్లుట్ల కాదు, ఇంకో ఊళ్ళో ఒక కార్యదర్శి నాతో మాట్లాడింది. తన పేరు రాయొద్దంది. నేను ఊరి పేరూ రాయను. పంచాయతీ ఆఫీసులో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు.

"నాకిప్పటిదాక నలుగురు ఎంపీడీవోలు మారిండ్రు సార్. అందరు మంచోళ్ళే. మాట్లాడితే అమ్మా, తల్లీ అనే అంటరు. మొక్కలు ఎండిపోయిన యేడు తెలిసింది ఎవరు ఎట్లాంటోళ్ళో" అంది.

ఆ ఎండాకాలం బోరు మోటరు కాలిపోయింది. మరమ్మతుకు పెట్టిన చెక్కు ఖజానాలో ఆగింది. మొక్కలు ఎండాయి. మెమో ఆమె పేరున వచ్చింది. సంజాయిషీలో మోటరు సంగతి రాస్తే, ముందే ఎందుకు చెప్పలేదని రెండో మెమో. ముందే చెప్పిన మెసేజ్ వాట్సాప్ గ్రూపులో ఉంది. దాని కింద పై అధికారి పెట్టిన బొటనవేలు గుర్తు కూడా ఉంది. ఫోన్ తీసి నాకు చూపించింది. ఎంత భద్రంగా దాచుకుందో.

మరుసటి యేడు వచ్చినాయన మాటకారి కాదు. పలకరింపు కూడా అంతంతమాత్రం. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు నర్సరీలో సగం సంచులు ఖాళీగా ఉన్నాయని గరమయ్యాడు. ఆమె నోరు తెరిచేలోపే ఈయన, "విత్తనాలు మేమే ఆలస్యంగా పంపినం సార్, ఆమె తప్పేం లేదు" అన్నాడట.

"అంతే సార్. ఆ ఒక్క మాటకు నేను ఆ యేడంత ఆదివారాలు గూడ పోయిన. ఎవరు పొమ్మనలే."

ఆ అధికారి అన్న వాక్యానికి సర్కారు ఖజానా నుంచి పైసా ఖర్చు కాలేదు. శిక్షణ తరగతుల్లో దాని గురించి నేను వినలేదు. అక్కడ ప్రోత్సాహం, ప్రేరణ, దార్శనికత అంటూ బరువైన మాటలు దొర్లుతాయి. ఈమెకు కావలసింది చాలా చిన్నది: పైనుంచి మాట వచ్చినప్పుడు అది ఎవరి దగ్గర ఆగుతుంది?

సమ్మె సంగతికి వస్తే, మే 9 సాయంత్రం ఐదింటికల్లా చేరకపోతే తీసేస్తామని నోటీసు ఇచ్చారు. మే 13న సమ్మె ఆగింది. తరువాత జిల్లా స్థాయి కమిటీలు కూర్చుని వాళ్ళ నాలుగేళ్ళ పనికి మార్కులు వేసి, పాసైనవాళ్ళను క్రమబద్ధీకరించాయి. మార్కులు వేయడం తప్పనను. కానీ వాళ్ళకు అందాల్సిన నిధులు, మనుషులు, సామాను వేళకు అందాయా అని పైవాళ్ళకు మార్కులు వేసే కమిటీ గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు. 2024 ఫిబ్రవరి 1తో సర్పంచుల పదవీకాలం ముగిసింది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా ఊళ్ళు ప్రత్యేకాధికారుల కింద నడిచాయి. పాలకవర్గాలు లేవని కేంద్రం నుంచి రావలసిన ఆర్థిక సంఘం నిధులు ఆగాయి. ట్రాక్టరు డీజిలుకు, వీధిలైట్లకు కార్యదర్శులు చేతి డబ్బులు పెట్టుకుంటున్నారని పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చింది. ఆమె బీరువాలోంచి బిల్లుల సంచి తీసి బల్ల మీద పెట్టింది. ఎంతయిందని నేను అడగలేదు. అడిగితే, ఈయన ఏదో చేయగలడని ఆమె అనుకుంటుంది.

జనగామ నుంచి కాజీపేట, వరంగల్, నెక్కొండ, కేసముద్రం. ఇప్పటికీ రైల్లో ఎక్కువమంది మానుకోట అనే అంటారు, మహబూబాబాద్ అనరు. దారి పొడుగునా మిర్చి ఎరుపు. జిల్లా కేంద్రంలో సెలవు రోజు తగిలింది. ఆఫీసుల తాళాలు చూసి డోర్నకల్ వెళ్ళాను. ఒకరకంగా అదే మేలయింది.

డోర్నకల్‌లో రైలు దిగినవాడికి ఎపిఫనీ కెతెడ్రల్ వింతగా కనిపిస్తుంది. మసీదుకుండే గుమ్మటాలు, మినార్లు, గుడికుండే స్తంభాలు, వాటి మీద తామరలు, లోపల సిలువ. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. కట్టించినాయన వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి తమిళుడు, 1874లో పుట్టాడు. 1909లో ఇక్కడికి పాదిరి పనిమీద వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి ఎక్కిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న చనిపోయేదాకా డోర్నకలే ఆయన ఊరు.

ఆయన మతం గురించి చెప్పడానికి నేను ఇక్కడ ఆగలేదు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. ముప్ఫై అయిదేళ్ళ అజరయ్య అక్కడ లేచి మాట్లాడింది దేవుడి సంగతి కంటే ఆఫీసు సంగతి. మిషనరీకీ దేశీ పనివాడికీ మధ్య ఉన్నది యజమాని, నౌకరు సంబంధమే అన్నాడు. జీతమిచ్చేది ఆయన, తీసుకునేది ఈయన. ఏళ్ళ తరబడి ఒకే పనిచేసినా ఒకరి ఇంట్లో ఒకరు అన్నం తినరు. మీ త్యాగాలు మేము మరువం కానీ మాకు కావలసింది స్నేహం అన్నది ఆయన చెప్పిన దాని సారం. సభలో కొందరికి ఆ మాటలు కొరుకుడు పడలేదు. పనిచోట కిందివాడి తరఫున పైవాళ్ళందరి ఎదుట ఇంత సూటిగా మాట్లాడిన మనిషి ఆ కాలంలో అరుదు.

అయితే అడగడం వేరు, తానే పైవాడయ్యాక నడుచుకోవడం వేరు. బిషప్ అయ్యాక అజరయ్య చేతికింద పల్లె టీచర్లు పనిచేశారు. 1930ల నడుమకు వాళ్ళు రెండు వేలకు పైమాటే. ఎక్కువమంది మాల మాదిగ పల్లెల్లోంచి వచ్చి ఆ పల్లెల్లోనే పనిచేసినవాళ్ళు. జీతాలు తక్కువ. ఊరి పెద్దల కోపం ముందు తగిలేదీ వాళ్ళకే. అజరయ్య వాళ్ళను ఆలుమగలిద్దరినీ కలిపి తయారు చేయించాడు. భర్తకు చదువు చెబితే భార్యకూ చెప్పాల్సిందే. ఒంటరిగా ఊళ్ళో నిలవడం ఎంత కష్టమో తెలిసిన ఏర్పాటు అది. ఏడాదిలో చాలా భాగం ఎద్దుబండి మీద ఆ పల్లెలే తిరిగాడు. రిపోర్టు కోసం డోర్నకల్‌లో కూర్చుని చూడలేదు.

అలాగని ఆయనను దేవుణ్ణి చేయనక్కరలేదు. క్రమశిక్షణలో మహా గట్టివాడు. చర్చి నియమం తప్పితే తనవాళ్ళనైనా విడిచిపెట్టలేదు. మతమార్పిళ్ళ మీద గాంధీతో ఆయనకు పడలేదు. ఈ రెండూ చెప్పకుండా మిగతాది చెబితే అది పొగడ్తే అవుతుంది.

కెతెడ్రల్ ప్రతిష్ఠ జరిగిన 1939లోనే అమెరికాలో కర్ట్ లెవిన్, ఆయన తోటివాళ్ళు పదేళ్ళ మగపిల్లల బృందాల మీద చేసిన ప్రయోగం అచ్చయింది. ఒక బృందానికి అన్నీ తానే శాసించే పెద్ద, ఒకదానికి అందరినీ అడిగి చేసే పెద్ద, ఒకదానికి ఏదీ పట్టించుకోని పెద్ద. శాసించే పెద్ద గదిలోంచి బయటికి వెళ్ళగానే పిల్లల పని కుంటుపడింది. అడిగి చేసే పెద్ద వెళ్ళినా పని సాగింది. నాయకత్వ తరగతులన్నీ ఇప్పటికీ ఈ మూడు పెట్టెల చుట్టే తిరుగుతాయి. అజరయ్య ఏ పెట్టెలో పడతాడో నాకు తేలలేదు. ఆజ్ఞ పెట్టడంలో మొదటి పెట్టె, అన్నం దగ్గర రెండోది.

డోర్నకల్ దగ్గర చీలే కొమ్మ లైను యెల్లందు బొగ్గు కోసం వేసింది. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది, సింగరేణి కథకు అదే తొలి పేజీ. ఆ బొగ్గే ఇప్పుడు గోదావరి వెంట పైకి పాకి భూపాలపల్లి దాకా వచ్చింది. రైలు మాత్రం అక్కడికి రాలేదు. నర్సంపేట, ములుగు మీదుగా బస్సులు మారుతూ పోవాలి.

ములుగులో బస్సు ఆగినంతసేపూ సర్కారు దవాఖాన గుర్తుకొచ్చింది. 2019 ఫిబ్రవరిలో వేరే జిల్లా అయ్యేదాకా ములుగు భూపాలపల్లి జిల్లాలోనిదే. భూపాలపల్లి జిల్లాకు మొదటి కలెక్టరుగా వచ్చిన ఆకునూరి మురళి 2017లో తన కూతురి కాన్పు ఈ దవాఖానలోనే చేయించారు. సర్కారు దవాఖానకే పోవాలని జనానికి చెప్పే అధికారులు బోలెడు మంది. తన ఇంటి ఆడబిడ్డను అక్కడి డాక్టర్ల, నర్సుల చేతుల్లో పెట్టడమంటే మీ పని మీద నాకు నమ్మకముందని ఆ సిబ్బందికి చెప్పడం. సర్క్యులర్‌తో అది చెప్పలేరు. ఒక్క కాన్పుతో ఖాళీ పోస్టులు నిండవు, మందులు రావు, అదీ నిజమే. ఆ కలెక్టరు 2019లో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. పెద్దగా పని లేని చోట కూర్చోబెట్టారన్నది ఆయన చెప్పుకున్న కారణం. పైవాడికీ ఒక పైవాడు ఉంటాడు మరి.

చెల్పూరు దాటుతుంటే కాకతీయ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనబడతాయి. 500 మెగావాట్లది ఒకటి, 600 మెగావాట్లది ఒకటి. అవి తినే బొగ్గు పక్కనే ఉన్న కేటీకే గనులది. కేటీకే అంటే కాకతీయ ఖని. గని అని ఇక్కడ ఆఫీసరు అంటాడు, కార్మికుడు బాయి అంటాడు.

సింగరేణి కాలనీ బయట చాయ్ దుకాణంలో రిటైరైన ఓవర్‌మన్ ఒకాయన దొరికాడు. మొదటి షిఫ్టు దిగి వచ్చినవాళ్ళంతా ఆయనకు నమస్తే పెట్టి పోతున్నారు. మేనేజర్ల గురించి అడిగాను.

"ఇద్దరి సంగతి చెప్త తమ్మీ. ఒకాయన తిడితే బాయి బయటికి వినబడేది. అమ్మ, ఆలి ఎవ్వర్నీ ఇడువకపోతుండె. ఇంకొకాయన పాలల్ల చక్కెర. తమ్ముడూ, తమ్ముడూ అనుకుంట భుజం మీద చెయ్యేసేటోడు."

నేను రెండో ఆయనే మంచివాడని చెబుతాడనుకుంటూ విన్నాను.

"ఒకనాడు కప్పు చప్పుడు చేస్తున్నదని మైనింగ్ సర్దార్ వచ్చి చెప్పిండు. ఆ తిట్టే దొర లోపలికొచ్చి చెవి పెట్టి ఇన్నడు. అందర్ని బయటికి తీసిండు. రెండు షిఫ్టులు బొగ్గు రాలే. ఏరియా ఆఫీసోళ్ళు అడిగితే 'నేను ఆపిన' అని రాసిచ్చిండు. 'సర్దార్ చెప్పిండు' అని రాయలే. సర్దార్ పేరే ఎత్తలే."

"ఇంకొకాయన?"

"ఏది అడిగినా 'చూస్కో తమ్ముడూ' అనేటోడు. చూస్కో అంటే ఆపాల్నా, నడపాల్నా? బొగ్గొస్తే ఆయన చూసుకున్నట్టు. కాలో చెయ్యో పోతే 'నేను చూస్కోమన్న గద' అంటడు."

ఆయన చాయ్ తాగుతూ ఇంకో మాట అన్నాడు: "కప్పు కూలితే దొరకో బరువు, కూలోనికో బరువు ఉండది."

మూడు పెట్టెల లెక్క నాకు ఇక్కడ పూర్తిగా తప్పింది. తిట్టినవాడి కింద మనుషులు ధైర్యంగా పనిచేశారు, తియ్యగా మాట్లాడినవాడి కింద ప్రతివాడూ తన వీపు తాను కాచుకున్నాడు. తిట్లను నేను సమర్థించను. ఆ ఓవర్‌మన్ కూడా సమర్థించలేదు, యాభై ఏళ్ళ మనిషిని కొడుకు వయసువాడు తిడితే ఇంటికి పోయి అన్నం తినబుద్ధి కాదన్నాడు. అయినా లెక్కలో దేనికెంత బరువో ఆయనకు తెలుసు. బాయిలో ఒక సుగుణం ఉంది. ప్రతి షిఫ్టులో సర్దార్ చోటు చూసి రాయాలి, ఓవర్‌మన్ రాయాలి. మేనేజర్ కూడా తరచుగా దిగి చూడాలి, సంతకం పెట్టాలి. పైవాడు కిందికి దిగడం అక్కడ మంచితనం కాదు, చట్టం. పంచాయతీ ఆఫీసులకు అలాంటి చట్టం ఒకటి ఉంటే ఆ మోటరు సంగతి మెమో కంటే ముందే తెలిసేది.

తట్టా చెమ్మస్ పట్టి బొగ్గెత్తిన రోజుల గురించి కూడా ఆయన చాలాసేపు చెప్పాడు. ముఠాగా దిగేవాళ్ళు, ఒకడికి ఒళ్ళు బాగోకపోతే మిగతావాళ్ళు వాడి వంతు ఎత్తేవాళ్ళు. యంత్రం వచ్చాక నడుము నొప్పి పోయింది, పక్కవాడూ పోయాడు. ఇది వింటుంటే ఇంగ్లండు గుర్తొచ్చింది. 1951లో ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్ అక్కడి బొగ్గు గనుల మీద ఒక అధ్యయనం రాశారు. బామ్‌ఫోర్త్ అంతకుముందు ఏళ్ళ తరబడి గనిలో పనిచేసినవాడే. కొత్త యంత్రాలు పెట్టి, చిన్న ముఠాలను విడగొట్టి, ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క పని అప్పజెప్పాక ఉత్పత్తి అనుకున్నంత పెరగలేదు. మానేసేవాళ్ళు పెరిగారు. తప్పును ఒక షిఫ్టు ఇంకో షిఫ్టు మీదికి నెట్టడం మొదలైంది. ముఠాకు మళ్ళీ బాధ్యత అప్పజెప్పిన చోట పని కుదుటపడింది. ఆ ఓవర్‌మన్ ఏ పుస్తకమూ చదవకుండా అదే చెప్పాడు, ఇంకాస్త బూతులు కలిపి.

సింగరేణి మొత్తంగా కూడా ఈ పాఠం ఒకసారి నేర్చుకుంది. 1990ల మొదట్లో ఏడాదికి వందల సమ్మెలు. సంస్థ రెండుసార్లు బీఐఎఫ్ఆర్ గడప ఎక్కింది, ఖాయిలా పడ్డ పరిశ్రమల సంగతి చూసే బోర్డు అది. ఆ దశాబ్దం చివరలో రహస్య ఓటింగుతో గుర్తింపు సంఘం ఎన్నికలు పెట్టారు. వేర్వేరు శాఖల అధికారులను బృందాలుగా కట్టి బాయిల మీదికి పంపి సంస్థ అప్పులు, నష్టాలు కార్మికులకు విప్పి చెప్పించారు. ఈ ఎండీటీ సమావేశాలంటే భూపాలపల్లిలో ఇప్పటికీ అందరికీ తెలుసు. లాభాలు మొదలయ్యాక అందులో వాటా ఇచ్చారు. లెక్కల పుస్తకం చూసినవాడు సమ్మె చేయడని కాదు, 2011 సకల జనుల సమ్మెలో ఇదే కార్మికులు బొగ్గు ఆపారు. కానీ చాయ్ చల్లారిందని బాయి ఆగే రోజులు పోయాయి.

2024లో పెట్టుబడులకు పక్కన పెట్టగా మిగిలిన లాభంలో 33 శాతం, 796 కోట్లు, కార్మికులకు పంచారు. మనిషికి సగటున లక్షా తొంభై వేలు. అదే ఏడు మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకు కూడా ఇచ్చారు, తలా 5,000. మరుసటి యేడు అది 5,500 అయింది. మొదటిసారి ఇవ్వడం మంచిదే. ఓపెన్‌కాస్టులో బొగ్గు మీది మట్టిని, వాళ్ళు ఓబీ అంటారు, తీసే పని చాలావరకు ప్రైవేటు కాంట్రాక్టర్లది. దుమ్ము అందరికీ ఒక్కటే, మస్టరు వేరు.

సాయంత్రం అదే దుకాణానికి ఓబీ డంపరు నడిపే కుర్రవాడు ఒకడు వచ్చాడు. నీ పైఅధికారి ఎవరని అడిగాను. కాంట్రాక్టరు సూపర్‌వైజరు అన్నాడు. కాసేపాగి, సింగరేణి ఓవర్‌మన్ కూడా అన్నాడు. సేఫ్టీ ఆఫీసరు చెప్పినా వినాలి అన్నాడు. జీతం పడే ఏజెన్సీ ఆఫీసు మాత్రం వేరే ఊళ్ళో ఉందట, తానెప్పుడూ చూడలేదు.

"మరి దెబ్బ తగిలితే ముందుగాల ఎవరికి ఫోన్ చేస్తవ్ తమ్మీ?"

"మా బావకు సార్" అన్నాడు, ఆలోచించకుండానే. "నా ఎనక డంపరు ఆయనదే."